‘షీ’ (1965): చావు లేని రాణి సరే, ఆ రాజ్యానికి నీళ్లెక్కడివి?

కోనేటిగట్టు (తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. కాలేజీ రోజుల్లో తిరుపతిలో ఉదయం ఆటకు వెళ్లి చూసిన ‘షీ’ అనే ఇంగ్లీషు చిత్రాన్ని మొన్న ఆదివారం మనవరాలితో కలిసి మళ్లీ చూశాను. అప్పుడు కళ్లప్పగించి చూసినవాణ్ణి ఇప్పుడు ప్రతి పది నిమిషాలకు ఒక సందేహం పెట్టుకుంటూ చూశాను. ఆ సందేహాల్లో రెండింటిని ఇక్కడ పెడుతున్నాను.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యం నుంచి విడుదలైన హాలీ, లియో విన్సీ, వారి సేవకుడు జాబ్ పాలస్తీనాలో కాలక్షేపం చేస్తుంటారు. లియో ముఖం రెండు వేల ఏళ్ల కిందట చనిపోయిన కల్లిక్రాటీస్ ముఖాన్ని అచ్చు గుద్దినట్టు పోలి ఉంటుంది. అయేషా అనే స్త్రీ అతనికి ఒక ఉంగరం, ఒక పటం ఇచ్చి, ఎడారి దాటి తన కూమా నగరానికి రమ్మంటుంది. అసూయతో కల్లిక్రాటీస్‌ను చంపినది ఆమే, అతడు తిరిగి పుడతాడని అన్ని శతాబ్దాలూ ఎదురుచూస్తున్నదీ ఆమే. చివర ఆమె లియోను అమరుణ్ణి చేయడానికి చల్లని నీలి మంటలోకి తీసుకువెళ్తుంది. అతను అమరుడవుతాడు. ఆమె మాత్రం చూస్తుండగానే ముసలిదై, శల్యమై, పిడికెడు దుమ్ముగా రాలిపోతుంది.

మొదటి సందేహం: ఒకసారి చావు లేకుండా చేసిన మంట రెండోసారి చంపడమేమిటి? రెండోది మా మనవరాలిది. “తాతయ్యా, అంత మంది జనం ఆ ఎడారిలో ఏం తింటారు, నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేక మీ ముందు పెడుతున్నాను.

పాతరీలు (చిత్తూరు)

కోనేటిగట్టు గారూ, నా వీరాభిమాన చిత్రాన్ని ఎత్తుకున్నారు. ముందు దాని పుట్టుక చెబుతాను, మంట సంగతి తర్వాత చూద్దాం.

మూలం హెన్రీ రైడర్ హాగర్డ్ నవల. 1886 అక్టోబరు నుంచి 1887 జనవరి దాకా ‘ది గ్రాఫిక్’ అనే లండన్ వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. దాన్ని తెరకెక్కించడం ఎంత పాత సరదా అంటే, 1899లోనే ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ మంటల స్తంభం ఘట్టాన్ని ఒక్క నిమిషం చిత్రంగా తీశాడు. 1925లో వచ్చిన మూకీకి తెరమీది మాటలను హాగర్డే రాసిచ్చాడు. ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడు. 1935లో ఆర్కేవో సంస్థకు మెరియన్ సి. కూపర్ నిర్మించిన చిత్రంలో కథ ఆఫ్రికాను వదిలి ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచులోకి పోయింది. అందులో రాణిగా వేసిన హెలెన్ గహగన్ జీవితంలో నటించిన సినిమా అదొక్కటే. తర్వాత ఆమె అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికై, 1950లో సెనేట్ పోటీలో రిచర్డ్ నిక్సన్ చేతిలో ఓడిపోయింది. తెరమీద ఎవరి మాటకూ లొంగని రాణికి ఓట్ల దగ్గర అలా జరిగింది!

మీరు చూసినది బ్రిటన్‌లో భయానక చిత్రాలకు పేరుపడిన హ్యామర్ సంస్థది, దర్శకుడు రాబర్ట్ డే. ఎడారి దృశ్యాలను దక్షిణ ఇజ్రాయెల్‌లో తీశారు. ఉర్సులా ఆండ్రెస్ రాణి, పీటర్ కుషింగ్ హాలీ, క్రిస్టఫర్ లీ పూజారి బిలాలీ. మీరు గమనించారో లేదో, రాణి నోట వినిపించే గొంతు ఉర్సులాది కాదు, నికీ వాన్ డెర్ జిల్ అనే కళాకారిణిది. రెండు వేల ఏళ్ల రాణికి ఒకరి రూపం, మరొకరి కంఠం కలిపి ప్రాణం పోశారన్నమాట.

పలమనేరు పాఠకురాలు

చరిత్ర బాగుంది పాతరీలు గారూ, కానీ పెద్దాయన అడిగింది మంట గురించి.

నా సమాధానం ఇది. ఆ మంటను వరంగా చూడటం వల్లనే చిక్కు వస్తున్నది. అది వరం కాదు, గడప. చావు ఉన్నవాడు దాటితే చావు లేని వైపు పడతాడు. చావు లేనిది దాటితే చావున్న వైపు పడుతుంది. గడప ఒకటే, ఎవరు ఏ వైపు నుంచి వచ్చారన్నదే తేడా. అందుకే ఇద్దరూ చేయి చేయి పట్టుకుని ఒకే మంటలో నిలిచినా ఒకరు అటూ మరొకరు ఇటూ అయ్యారు.

నవలలో ఇలా ఉండదు. అక్కడ లియో జంకుతుంటే, భయం లేదని చూపించడానికి అయేషా ముందుగా తానొక్కతే దిగి అక్కడే ముడుచుకుపోతుంది. మళ్లీ వస్తానని చెప్పి చనిపోతుంది, హాలీ, లియో మాత్రం ప్రాణాలు దక్కించుకుని బయటపడతారు. సినిమా రాసినవాళ్లు ఇద్దరినీ ఒకేసారి దింపి, లియోను లోపలే ఒంటరిగా వదిలేశారు. మంట మళ్లీ నీలంగా మారే రోజు కోసం ఇప్పుడు అతను కూర్చోవాలి. ఆమె ఎదురుచూపు ఇతనికి సంక్రమించింది. ఈ ఒక్క మార్పు వల్ల సినిమా ముగింపు నవల ముగింపు కంటే పదునుగా ఉందని నేను పందెం కాస్తాను.

రేణిగుంట ప్రయాణికుడు

గడప మాట చక్కగా ఉంది. మా నాయనమ్మ వైపు వాళ్లు నాటువైద్యం చేసేవాళ్లు. భస్మానికి పుటం పెట్టే కొద్దీ గుణం పెరుగుతుందనేవారు. ఈ రాణిగారికి రెండో పుటంతోనే ఉన్న గుణం కూడా పోయింది.

పురాణ కాలక్షేపం (శ్రీకాళహస్తి)

అయ్యా, అమ్మా, వరానికి లొసుగు ఉండటం మనకు కొత్త విషయమేమీ కాదు. హిరణ్యకశిపుడు పగలూ రాత్రీ, ఇంటా బయటా, నరుడూ మృగమూ అని ఎంత జాగ్రత్తగా జాబితా రాసుకున్నా, గడప మీద, సంధ్యవేళ, నరసింహుడి చేతిలో పోయాడు. ఆ సోదరి గడప అనే మాట వాడటం నాకు అందుకే నచ్చింది. రావణుడు అడిగిన జాబితాలో మనుషుల్ని లెక్కచేయక వదిలేశాడు. అయేషా వదిలేసినది తనను తానే.

అయితే నాకు అంతకంటే ఆసక్తికరంగా తోచినది వేరొకటి. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అని మనం పొద్దున్నే తలుచుకునే ఏడుగురు చిరంజీవుల్లో ఒక్క స్త్రీ కూడా లేదు. ఆ ఏడుగురిలో అశ్వత్థామకు చావు లేకపోవడం శాపం, మిగతావారికి అది వరమో బాధ్యతో. ఎవరికోసమో ఎదురుచూడటానికని చిరంజీవి అయినవాడు ఒక్కడూ లేడు. అయేషాకు రాజ్యం ఒక నెపం, ఆమె అసలు చేస్తున్న పని ఎదురుచూడటం. నా దృష్టిలో ఆమె రాణి కాదు, కిరీటం పెట్టుకున్న విరహిణి.

పాతరీలు (చిత్తూరు)

పురాణ కాలక్షేపం గారి మాటకు చిన్న చేర్పు. మన సినిమాల్లో పునర్జన్మ ప్రేమకథలు ఎలా నడుస్తాయో చూడండి. ఇదే కాలంలో, 1964లో, ‘మూగ మనసులు’ వచ్చింది. అక్కడ ఇద్దరూ పోతారు, ఇద్దరూ మళ్లీ పుడతారు, గోదావరి ఒడ్డున పాత జ్ఞాపకం తగిలి ఉలిక్కిపడతారు. అంటే ఇద్దరూ నిద్రపోయి లేచినవాళ్లే. ‘షీ’లో అతను నిద్రపోయి లేచాడు, ఆమె రెండు వేల ఏళ్లు కన్ను మూయకుండా మేలుకునే ఉంది. లియోకు ఏమీ గుర్తులేదు, ఆమెకు ఏదీ మరుపు రాలేదు. అలాంటి ఇద్దరి మధ్య ప్రేమ సాగుతుందా? లియోగా వేసిన జాన్ రిచర్డ్‌సన్ ఆ సన్నివేశాల్లో తెల్లబోయినట్టు నిలబడతాడని విమర్శించేవాళ్లున్నారు. నేనైతే ఆ పాత్రకు అదే సరైన ముఖమంటాను.

పలమనేరు పాఠకురాలు

తెల్లబోవడమూ నటించలేకపోవడమూ ఒకటి కావు, ఆ వాదనను ఇక్కడితో వదిలేద్దాం.

ఇంకొక విషయం ఎవరూ ఎత్తనందుకు ఆశ్చర్యంగా ఉంది. నల్లజాతి బానిసల మీద తెల్లని రాణి, ఆమె కోసం దిగివచ్చిన తెల్లని కథానాయకుడు. ఈ అమరిక ఊరికే రాలేదు. హాగర్డ్ పందొమ్మిదేళ్ల వయసులో, 1875లో, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఉద్యోగానికి వెళ్లాడు. 1877లో ట్రాన్స్‌వాల్‌ను బ్రిటన్ కలిపేసుకున్నప్పుడు ప్రిటోరియాలో జెండా ఎగరేసే పనిలో ఆయన చెయ్యి కూడా ఉంది. నవలలో శిథిలమైన ‘కోర్’ మహానగరాన్ని కట్టినవారు వేరే జాతి. ఇప్పుడు ఆ సమాధుల్లో తలదాచుకుంటున్న ఆమహగ్గర్లనే స్థానిక తెగవాళ్లకు ఆ పనితనం చేతకాదని కథ చెబుతుంది. ఆ పూర్వుల శవాలను వాళ్లు కాగడాలుగా వెలిగిస్తారు కూడా.

అప్పట్లో గ్రేట్ జింబాబ్వే రాతి కట్టడాల గురించి తెల్లవాళ్లు చెప్పినదీ ఇదే. ఆఫ్రికన్లు కట్టి ఉండరని, ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కట్టి వెళ్లారని వాదించారు. 1905లో రాండల్ మాకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ తవ్వి చూసి, అవి స్థానికులు కట్టినవేనని తేల్చారు. 1965 నాటికి ఆఫ్రికాలో చాలా దేశాలు స్వతంత్రమయ్యాయి. అయినా సినిమా ఆ పాత అమరికనే ఎడారిలోకి మోసుకొచ్చింది.

చంద్రగిరి వాస్తవ్యుడు

రెండు రోజులుగా చదువుతున్నాను. పలమనేరు సోదరి చెప్పినదానికి మన దగ్గరే ఒక నమూనా ఉంది, అయితే అది దురుద్దేశంతో పుట్టినది కాదు. మన పడమటి మండలాల్లో పెద్ద బండలు నిలబెట్టి, పైన పలక పరిచిన ఆదిమ కాలపు సమాధులు కనిపిస్తే ఊళ్లవాళ్లు వాటిని పాండవుల గుళ్లంటారు. కట్టినవాడి పేరు పోయాక జనం ఎవరో గొప్పవాడి పేరు తగిలించడం అంతటా ఉన్నదే. ఆ పేరును సాకుగా పెట్టుకుని పక్కవాడి నేల లాక్కోవడం మాత్రం వేరు.

ఇక అమ్మాయి అడిగిన నీళ్ల ప్రశ్నకు వస్తాను. ఈ చర్చలో అసలు ప్రశ్న అదే, దాన్ని మీరందరూ దాటుకుంటూ పోయారు.

మాది కోట పక్క ఊరు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుగొండకు, అక్కణ్ణుంచి మా చంద్రగిరికి రాజధాని మార్చుకుంటూ వచ్చారు. 1646లో గోల్కొండ సైన్యం చేతికి చిక్కాక ఇక్కడి రాజ్యం ముగిసింది. పోయిన రాజ్యమంటే ఏమిటో కిటికీ తీస్తే కనిపించే మనిషిని నేను. మూడు అంతస్తుల రాజమహలు ముందు సందర్శకులు ఫోటోలు దిగుతారు. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారని చెబితే తలూపుతారు. పక్కనున్న రాణిమహలు దగ్గరకు రాగానే రాణి పేరేమిటని అడుగుతారు. అక్కడి పురావస్తు శాఖ పలక దాన్ని దళపతి నివాసమంటుంది, కింది అంతస్తు చూస్తే గుర్రపుశాలలా ఉంటుంది. జనం నోట మాత్రం అది రాణిమహలే. శిథిలం ఉంటే అందులో ఒక రాణిని కూర్చోబెట్టకుండా మనసు ఊరుకోదు. హాగర్డ్ చేసిందీ అదే.

ఆ మహలు వెనక దిగుడుబావి ఉంది. దాని దాకా వెళ్లేవారు తక్కువ. చిన్నప్పుడు మా తాత నన్ను మొదట అక్కడికే తీసుకుపోయి, “సింహాసనం ఎక్కడ వేసినా పడుతుంది, బావి పడినచోటే ఊరు” అన్నాడు. కొండ మీద పడిన వాన ఎటు జారుతుందో, ఎక్కడ నిలుస్తుందో లెక్క చూసుకున్నాకే ఇక్కడ కోట కట్టారు. కూమా నగరం కట్టినవాడు ఆ లెక్క చూసుకోలేదు. సినిమాలో పెద్ద పెద్ద స్తంభాలున్నాయి, విగ్రహాలున్నాయి, నిప్పులు కక్కే గుండం ఉంది. ఒక్క బావి లేదు, ఒక్క గాదె లేదు, బిందె ఎత్తుకుని నడిచే ఆడమనిషి లేదు. దారిలో ముగ్గురు ప్రయాణికులు దాహంతో నాలుక పిడచకట్టి కూలబడటం చూపించిన దర్శకుడు, నగరంలో అడుగుపెట్టగానే దాహమనేదే మరిచిపోయాడు.

రేణిగుంట ప్రయాణికుడు

చంద్రగిరి గారూ, అది అద్భుతరస చిత్రం. మంట చల్లగా ఉండటాన్ని ఒప్పుకున్నవారు బావి దగ్గర పట్టుబడితే ఎలా? విఠలాచార్య చిత్రాల్లో మాంత్రికుడి గుహకు ఎసట్లో బియ్యం ఎవరు పంపుతారని మనం అడిగామా?

చంద్రగిరి వాస్తవ్యుడు

అడగలేదు, ఎందుకంటే మాంత్రికుడు ఒంటరివాడు, మంత్రంతో తెప్పించుకుంటాడు. అయేషాకు మంత్రం లేదు. ఉన్నదల్లా చావు రాకపోవడం. ఆమె చేతిలో ఉన్నది మాయాలోకం కాదు, ఒక రాజ్యం. సైనికులున్నారు, బానిసలున్నారు, పూజారి ఉన్నాడు. వీళ్లందరికీ పూట గడవాలి. ఆ చాకిరీ అంతా ఆమహగ్గర్ల నెత్తిన ఉందని ఒక్క దృశ్యంలో చూపించి ఉంటే, చివరి తిరుగుబాటుకు కారణం దానంతట అదే దొరికేది. సినిమాలో లియోను ప్రేమించిన ఆమహగ్గర్ పిల్ల ఉస్తానెను అగ్నిగుండానికి బలిచ్చి బూడిదను తండ్రికి అప్పగించాక గానీ జనం లేవరు. రెండు వేల ఏళ్లు అణిగి ఉన్నవాళ్లు ఒక్క పిల్ల కోసం ఒక్క పూటలో లేచారంటే, అంతకుముందే గుండెల్లో ఏదో రగులుతుండాలి కదా. దాన్ని మనకు చూపించలేదు.

పాతరీలు (చిత్తూరు)

ఈ లోపం నవలలో కొంత తక్కువ. అక్కడ అయేషా తన చేతిలో పెద్ద సైన్యమేమీ లేదని, తాను భయంతో ఏలుతున్నానని, తన సామ్రాజ్యం జనం ఊహలో ఉందని హాలీకి తానే చెబుతుంది. ఏ తరంలోనో ఒకసారి కఠినంగా శిక్షిస్తే ఆ కథ తరువాతి తరాలను అణచి ఉంచుతుంది. చావు లేని పాలకురాలికి అది చవకైన పద్ధతి, ఎందుకంటే శిక్షను చూసినవాళ్లు పోతారు, శిక్ష వేసినది మిగులుతుంది. పైగా అక్కడ ఆమె కాపురం సమాధుల్లో, కోర్ ప్రజలు ఎప్పుడో మహమ్మారికి తుడిచిపెట్టుకుపోయారు. హ్యామర్ వాళ్లు దాన్ని సజీవ నగరంగా మార్చారు గానీ, సజీవ నగరానికి కావలసిన సరంజామా పెట్టలేదు. ఆ సంస్థ అప్పటిదాకా తీసిన వాటిలో ఖరీదైన చిత్రమంటారు. ఆ డబ్బంతా స్తంభాలకే పోయినట్టుంది. నా అభిమాన చిత్రమే అయినా, చంద్రగిరి గారి వాదనకు తల వంచుతున్నాను.

పలమనేరు పాఠకురాలు

1968లో దానికి కొనసాగింపు కూడా తీశారు. ఉర్సులా ఆండ్రెస్ లేదు, ఓలింకా బెరోవా అనే నటి కథానాయిక. జాన్ రిచర్డ్‌సన్ మాత్రం అక్కడే కూర్చుని ఎదురుచూస్తుంటాడు. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

పురాణ కాలక్షేపం (శ్రీకాళహస్తి)

నిన్న రాత్రి చంద్రగిరి వాస్తవ్యుడు గారి దిగుడుబావి మాట పట్టుకుని కిష్కింధకాండ తీశాను. ఇంత దగ్గరి పోలిక మొదటిరోజే తట్టనందుకు సిగ్గుపడుతున్నాను.

సీతను వెతుకుతూ దక్షిణానికి వెళ్లిన వానరులు దాహంతో అల్లాడుతూ ఋక్షబిలం ముందుకు వస్తారు. చీకటి గుహ, లోపల ఏముందో తెలియదు. అప్పుడు హంసలు, క్రౌంచాలు, చక్రవాకాలు నీళ్లోడుతున్న రెక్కలతో ఆ బిలం నుంచి పైకి ఎగిరి వస్తాయి. పక్షులు తడిసి వస్తున్నాయంటే లోపల నీరు ఉండే తీరాలని హనుమంతుడు ఊహిస్తాడు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని చీకట్లో నడిచి వెళ్తే, లోపల బంగారు చెట్లు, తామరకొలనులు, మేడలు, రాశులుగా తినుబండారాలు ఉంటాయి. అంతా మయుడి పని. ఇంద్రుడి వజ్రాయుధానికి మయుడు పోయాక బ్రహ్మ దాన్ని హేమ అనే అప్సరసకు ఇచ్చాడు. హేమ తరఫున దానికి కాపలా ఉన్నది నారచీరలు కట్టిన స్వయంప్రభ అనే తాపసి ఒక్కతే.

మరిచిపోయిన రాజ్యం, కొండ కడుపులో నగరం, ఒంటరి స్త్రీ. అన్నీ ఉన్నాయి. కానీ వాల్మీకి ముందు చూపించినది తడిసిన రెక్కలను, ఆ తర్వాతే బంగారాన్ని.

కోనేటిగట్టు (తిరుపతి)

నా మనవరాలికి చదివి వినిపించాను. “అయితే ఆమె కూడా చావు లేనిదేనా?” అని అడుగుతోంది.

పురాణ కాలక్షేపం (శ్రీకాళహస్తి)

వాల్మీకి ఆమెను తపస్విని అన్నాడే గానీ అమరురాలు అనలేదు, కాబట్టి నేనూ అనను. అయేషాకూ ఆమెకూ ఉన్న పెద్ద తేడా అతిథుల దగ్గర తెలుస్తుంది. స్వయంప్రభ వచ్చినవారికి ముందు పండ్లూ పానీయాలూ పెట్టి, ఆకలి తీరాకే మీరెవరని, ఎందుకొచ్చారని అడుగుతుంది. ఈ బిలంలోకి వచ్చినవాడు ప్రాణాలతో బయటపడటం కష్టమని చెప్పి, వాళ్లను కళ్లు మూసుకోమని, తన తపశ్శక్తితో బయట నిలబెడుతుంది. తాను తిరిగి లోపలికి వెళ్లిపోతుంది. అధ్యాత్మ రామాయణంలో మాత్రం ఆమె రాముణ్ణి దర్శించుకుని బదరికి వెళ్తుంది.

కథ అక్కడితో ఆగలేదు. బయటికి వచ్చి చూసుకుంటే సుగ్రీవుడు పెట్టిన నెల గడువు గుహలోనే దాటిపోయింది. తిరిగి వెళ్తే శిక్ష తప్పదని అంగదుడు కుంగిపోతాడు. అప్పుడు తారుడనే వానరుడు ఒక సలహా ఇస్తాడు. మళ్లీ ఆ బిలంలోకే పోదాం, అక్కడ చెట్లున్నాయి, నీళ్లున్నాయి, తిండి ఉంది, ఇంద్రుడు గానీ రాముడు గానీ సుగ్రీవుడు గానీ మనల్ని ఏమీ చేయలేరు అంటాడు. చాలామందికి ఆ మాట నచ్చుతుంది. హనుమంతుడు నయానా భయానా వాళ్ల మనసు మరల్చాల్సి వచ్చింది.

చంద్రగిరి వాస్తవ్యుడు

చూశారా, తారుడు బంగారం సంగతి ఎత్తలేదు. కోనేటిగట్టు గారూ, సెలవుల్లో అమ్మాయిని ఒకసారి కోటకు తీసుకురండి. రాజమహలు ఎవరైనా చూపిస్తారు, బావి దగ్గరకు నేను తీసుకువెళ్తాను. వానలు పడ్డాక వస్తే మెట్ల మీద దాకా నీళ్లుంటాయి.